రెండు పట్టికలు – ఒక తేదీల వరుస



మన సహకార సంఘముల కార్యాలయములలో గోడలకు పటములు వ్రేలాడుచుండుట మీరెల్లరు చూచియే యున్నారు. వాన గీత యొకటి, కాలువనీటి గీత యొకటి, ధర గీత యొకటి, దిగుబడి గీత యొకటి రంగురంగులుగా ఒక్క కాగితముపై నడచుచుండును. పుస్తకమునిండ వ్రాసిన అంకెలను చదువుటకు ఓపిక లేనివారికి సైతము గీత చూడగనే సంగతి బోధపడును. అందుచేతనే మావంటి ప్రదర్శకులు పటములు వ్రాసి మీ ముందుంచుచుందురు.

అయితే ఆ గీతలు సాధారణముగా ఒకే పుస్తకములోనుండి వచ్చినవి కావు. వాన లెక్క వ్రాయువా డొకడు, కాలువ లెక్క వ్రాయువాడు మఱియొకడు, ధర లెక్క మార్కెట్టు యార్డులోనిది. వేర్వేఱు చేతులు వేర్వేఱు దినములలో వ్రాసిన అంకెలను ఒక్క తేదీల వరుసపైకి తెచ్చుట చూచుటకు సులభమైన పనివలె కనబడును. కాని అందులో జరిగిన చిన్న పొరపాటు నారుమడి నెండగట్టగలదు. ఈ మాట నేను పరుల తప్పు చూచి చెప్పుటలేదు. నా చేతితో నేనే చేసి నేర్చుకొన్నది చెప్పుచున్నాను.

నా పొరపాటు

కొన్ని యేండ్ల క్రిందట డెల్టాలోని ఒక గ్రామమున నేను పని చేయుచుంటిని. అచ్చట ఒక వృద్ధ రైతు తన వాకిట వానకొలత పాత్ర నుంచుకొని, వాన కురిసిన ప్రతి దినమును తప్పక వ్రాసి పెట్టుచుండెను. తూము నొద్ద నీటి లోతును కాలువ లస్కరు సోమవారము సోమవారము కొలబద్దతో చూచి మఱియొక పుస్తకములో వ్రాయుచుండెను. రెండును శ్రద్ధతో వ్రాసిన పుస్తకములే. తప్పు వాటిలో లేదు.

నేను ఆ రెండిటిని కంప్యూటరులో ప్రక్కప్రక్కన చేర్చి, వానకును నీటికిని కలిపి ఒక రేఖాపటము తీయించి, చక్కని చట్రములో బిగించి సంఘపు గోడకు తగిలించితిని. మృగశిర కార్తెలో వాన పడిన పిమ్మట సుమారు పది దినములలో తూములోనికి నీరు వచ్చినట్లు ఆ పటములో స్పష్టముగా కనబడెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. నేనును సంతోషించితిని.

మఱుసటి యేడు మృగశిరలో వాన కురిసెను. పటము చూచియున్న కొందఱు రైతులు నీరు వెంటనే వచ్చునని నమ్మి, సంఘములో విత్తనములు తీసికొని నారుమడులు చల్లిరి. బోరు కలవారి మళ్లు నిలిచినవి. లేనివారి మళ్లలో మొలక లేచి, నీరు లేక, ఎండకు మాడిపోయెను. ఎకరమునకు 25 కిలోల చొప్పున చల్లిన విత్తనము మట్టిలో కలిసెను. వారు మరల అప్పు చేసి విత్తనము కొనవలసి వచ్చెను, నాట్లు వెనుకబడెను.

వారిలో నొక పెద్దమనిషి సంఘమునకు వచ్చి పటము ముందు నిలువబడి నాతో నిట్లనెను: “ఏమండీ డిమాన్‌స్ట్రేటరుగారూ, మీ పటములో నీళ్లు వచ్చినవి, మా తూములో రాలేదు.” కోపముతో ననలేదు, కేక వేయలేదు. ఆ మాట మాత్రము నేటికిని నా చెవిలో నున్నది.

ఆ రాత్రి రెండు పుస్తకములను ముందు పెట్టుకొని పటమును తేదీ తేదీగా సరిచూచితిని. తప్పు నాదేయని తేలినది.

తప్పు జరిగిన విధము

ఆ తప్పు మీకు తెలియుటకై కొన్ని అంకెలను ఉదాహరణముగా కల్పించి చూపుచున్నాను. ఇవి ఏ గ్రామపు లెక్కయు గావు.

వాన పుస్తకము (మిల్లీమీటర్లు):
జూన్ 12 – 18
జూన్ 15 – 6
జూన్ 23 – 31
జూలై 1 – 9
జూలై 9 – 44

తూము పుస్తకము (నీటి లోతు, అంగుళములు):
జూన్ 16 – 0
జూన్ 23 – 0
జూన్ 30 – 12
జూలై 7 – 30
జూలై 14 – 36

రెండు పట్టికలలోను అయిదేసి వరుసలున్నవి. నేను మొదటి పట్టికలోని తేదీలను పటము అడుగున వ్రాయించి, రెండవ పట్టికలోని అంకెలను మాత్రము తీసి, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది అను వరుసలో చేర్చితిని. కంప్యూటరు నన్నేమియు నడుగలేదు. అది చెప్పినట్లు చేయు పనిముట్టు. ఇచ్చిన అంకెలను ఇచ్చిన వరుసలో పెట్టును.

ఫలిత మేమైనది? మూడవ వరుసలో వాన తేదీ జూన్ 23. తూము పట్టికలో మూడవ అంకె 12. కావున జూన్ 23న తూములో 12 అంగుళముల నీరున్నట్లు పటములో పడెను. కాని తూము పుస్తకము చూడుడు: జూన్ 23న అచ్చట నీరే లేదు. ఆ 12 అంగుళములు జూన్ 30వ తేదీవి. అట్లే జూలై 7 నాటి 30 అంగుళములు జూలై 1కిని, జూలై 14 నాటి 36 అంగుళములు జూలై 9కిని జరిగినవి. పటము నీటిని సుమారు వారము ముందుగా తెచ్చి తూములో పోసెను. నారుమడికి ఆ వారమే ప్రాణము.

పెండ్లికి వచ్చిన రెండు పక్షములవారిని ఊరు పేరు, ఇంటి పేరు అడుగక, వచ్చిన వరుసనుబట్టి జతగా కూర్చుండబెట్టినట్లున్నది నేను చేసిన పని. వరుస సంఖ్యనుబట్టి జతకూర్చరాదు, తేదీనిబట్టి జతకూర్చవలెను.

ఉమ్మడి తేదీల వరుస

తరువాత జంపనిలో కొందఱు రైతుల నడుమ కూర్చుండి ఇదే పనిని సరియైన పద్ధతిలో చేసి చూపితిని. ఆ పద్ధతి యిది.

మొదట ఒక క్రొత్త కాగితము తీసికొనవలెను. రెండు పుస్తకములలో నేదియు యజమాని కాదు. ఉమ్మడి వరుస మూడవది. వాన పుస్తకములోని తేదీలన్నియు, తూము పుస్తకములోని తేదీలన్నియు ఆ కాగితముపై వ్రాయవలెను. రెండిటిలోను వచ్చిన తేదీని ఒక్కసారియే యుంచవలెను. పిమ్మట ముందు వచ్చినది ముందు, వెనుక వచ్చినది వెనుకగా సరిచేయవలెను.

పై యుదాహరణములో వాన తేదీలు 5, తూము తేదీలు 5. జూన్ 23 రెండిటిలోను కలదు. కావున ఉమ్మడి వరుసలో తేదీలు 9: జూన్ 12, 15, 16, 23, 30, జూలై 1, 7, 9, 14. ఈ లెక్క ముందుగా వేసికొనుట మంచిది. పదింటిలో ఒకటి తీసివేయగా తొమ్మిది రావలెను. ఎనిమిది వచ్చినచో ఏదో జారిపోయినది, పది వచ్చినచో ఏదో రెండుమార్లు పడినది.

ఇప్పుడు ప్రతి తేదీకి ఎదురుగా రెండు గడులు గీయవలెను. మొదటి గడిలో ఆ తేదీ వాన, రెండవ గడిలో ఆ తేదీ నీటి లోతు వ్రాయవలెను. పుస్తకములో లేనిచో గడిని అప్పటికి ఖాళీగా విడువవలెను. పటము గీయవలసినది ఈ మూడవ పట్టికనుండియే.

ఖాళీయా, సున్నయా?

ఇంతటితో పని ముగియలేదు. ఖాళీ గడుల సంగతి చూడవలెను. అన్ని ఖాళీలును ఒక్క జాతివి కావు.

వాన పుస్తకము వ్రాసిన వృద్ధుడు ప్రతిదినమును పాత్ర చూచువాడు. వాన లేనినాడు వ్రాయడు. కావున ఆ పుస్తకములో వ్రాయని దినమనగా వాన లేని దినము. అచ్చట ఖాళీని సున్నగా వ్రాయవచ్చును. కాని ఆయన పెండ్లికో, ఆసుపత్రికో పోయి వారము దినములు ఊర లేనియెడల ఆ వారపు ఖాళీ సున్న కాదు. అది తెలియని సంగతి.

తూము పుస్తకము వేఱు. లస్కరు సోమవారమే కొలుచును. మంగళవారము వ్రాయలేదనగా మంగళవారము నీరు లేదని అర్థము గాదు. ఎవరును కొలువలేదని అర్థము. అచ్చట సున్న వేసినచో ఏమగునో చూడుడు: జూన్ 30న 12 అంగుళములు, జూలై 1న సున్న, జూలై 7న 30, జూలై 9న సున్న, జూలై 14న 36. గీత రంపపు పండ్లవలె లేచుచు పడుచు నుండును. చూచినవాడు కాలువ నెవరో దినము విడిచి దినము కట్టివేయుచున్నారని పై యూరివారిపై తగవునకు పోవును.

కావున వాన లేని దినము సున్న. కొలువని దినము ఖాళీ. నీటి గీత గీయునప్పుడు కొలిచిన తేదీల యొద్ద చుక్కలు పెట్టి, ఆ చుక్కలను కలుపవలెను. చుక్కలు కనబడుచున్నచో ఏది కొలిచినది, ఏది మన యూహ అనునది చూచువానికి తెలియును. వానకు గీత తగదు; ఏ దినము వాన ఆ దినమునకే నిలువు కడ్డీగా నిలువబెట్టవలెను. ఏలయనగా నిన్నటి వానకును నేటి వానకును నడుమ సగము వాన యనునది లేదుగదా.

తేదీల నడుమ దూరము

మఱియొక మోసము కలదు. ఉమ్మడి వరుసలో 9 తేదీలున్నవని పటము అడుగున 9 గుర్తులను సమాన దూరములో పెట్టరాదు. జూన్ 15కును 16కును నడుమ ఒక్క దినము. 16కును 23కును నడుమ ఏడు దినములు. ఒక దినమును ఏడు దినములను ఒకే జానగా కొలిచినచో, మెల్లగా నిండిన కాలువ ఒక్క పెట్టున పొంగినట్లును, పొంగినది మెల్లగా నిండినట్లును కనబడును.

గళ్ల కాగితముపై ఒక దినమునకు ఒక చిన్న గడి చొప్పున వదలవలెను. జూన్ 12 మొదలు జూలై 14 వఱకు రెండు కొనలును కలుపుకొని 33 గడులు పట్టును. కంప్యూటరులో పటము తీయునప్పుడును తేదీలను తేదీలుగానే గుర్తింపజేయవలెను. అక్షరములుగా వ్రాసినచో యంత్రము ‘1 జూలై’ని ‘12 జూన్’కు ముందు పెట్టవచ్చును, దానికి ఒకటి పండ్రెండుకంటె ముందు వచ్చినదని మాత్రమే తెలియును. 1–7 అని వ్రాసినచో జూలై ఒకటవ తేదీయా, జనవరి ఏడవ తేదీయా అను సందేహము కూడ కలుగును. మా బడిలో లెక్కల ఉపాధ్యాయుడు నెల పేరు లేని తేదీకిని, కొలత పేరు లేని అంకెకును మార్కులు వేయకుండెడివారు. నాడు అది కఠినమని తోచినది. నేడు న్యాయమని తోచుచున్నది.

కార్తెల కొలబద్ద

మన పెద్దలు లెక్కలు తిథులలో చెప్పుదురు. ప్రభుత్వ పుస్తకములు ఇంగ్లీషు తేదీలలో నుండును. ఈ రెండిటిని కలుపుట యెట్లు? తిథులను నేరుగా ఏటికేడు పోల్చరాదు. శ్రావణ శుద్ధ పంచమి 2022లో ఆగష్టు 2న వచ్చినది. 2023లో అధిక శ్రావణము వచ్చుటచే నిజ శ్రావణ శుద్ధ పంచమి ఆగష్టు 21న వచ్చినది. తిథి యొకటే, పైరు వయస్సులో 19 దినముల భేదము.

కాని కార్తెలట్లు గావు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రములో నుండు కాలమే కార్తె. సంవత్సరములో 27 కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు పదునాలుగు దినములు. సూర్యగమనమునకు సంబంధించినవి గనుక ప్రతియేడును దాదాపు అవే తేదీలలో వచ్చును: రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆర్ద్ర జూన్ 22, పునర్వసు జూలై 6, పుష్యమి జూలై 20 ప్రాంతమున. కావున దినవారీ లెక్కయు, వారవారీ లెక్కయు ఒకచోట చేర్చవలసినప్పుడు కార్తెలే మనకు సిద్ధముగా నున్న ఉమ్మడి కొలబద్ద. రైతునకు వేఱుగా నేర్పవలసిన పని లేదు.

అయితే కార్తెకు చేర్చునప్పుడు ఏ అంకెను కూడవలెను, దేనికి సగటు తీయవలెను అని యెఱిగి చేయవలెను. వానను కూడవలెను. పై యుదాహరణములో మృగశిరలో 18ని 6ని కలిపి 24 మిల్లీమీటర్లు. ఆర్ద్రలో 31ని 9ని కలిపి 40. పునర్వసులో జూలై 14 వఱకు 44. నీటి లోతును కూడరాదు. పునర్వసులో 30 అంగుళములును 36 అంగుళములును కూడి 66 అంగుళములని వ్రాసినచో కాగితముపైనే గట్టు తెగును! అచ్చట సగటు 33 అని వ్రాయవలెను. ఆర్ద్రలో సున్నకును 12కును సగటు 6. ధరలకును సగటే, అమ్మిన బస్తాలకు మాత్రము కూడిక.

సంవత్సరముల పేర్లు, జిల్లాల యెల్లలు

ఏటివారీ పట్టికలు కలుపునప్పుడు తేదీల స్థానమున సంవత్సరములు వచ్చును. అచ్చటను ఇదే చిక్కు. వాన పట్టిక జనవరి మొదలు డిసెంబరు వఱకు. సంఘపు జమాఖర్చు ఏప్రిల్ మొదలు మార్చి వఱకు. పంట సంవత్సరమును, ఫసలీయు జూలై మొదలు జూన్ వఱకు. ఫసలీ అంకెకు 590 కలిపినచో ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. 1433వ ఫసలీ యనగా 2023 జూలై మొదలు 2024 జూన్ వఱకు.

2023 డిసెంబరు 5న ‘మిచాంగ్’ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది మీకు జ్ఞాపకమే. ఆ వాన వాన పట్టికలో 2023 క్రింద నుండును. ఆ సార్వా పంట దిగుబడి పట్టికలో 2023–24 క్రింద నుండును. తెలియనివాడు 2023–24ను కుదించి 2024గా వ్రాసి రెండు పట్టికలు కలిపినచో, తుఫాను ఒక యేటిలోను, దానివలన కలిగిన నష్టము మఱుసటి యేటిలోను పడును. తుఫాను వచ్చిన యేడు పంటకు లోటు లేదనియు, తుఫాను లేని యేడు పంట పోయినదనియు పటము చెప్పును. కావున కలుపుటకు ముందే ప్రతి పట్టికపై ‘ఏ నెల మొదలు ఏ నెల వఱకు’ అని వ్రాసికొనవలెను.

ఎల్లలును మారుచుండును. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినది. 1970లో అందులోని కొంత భాగము క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి పోయినది. తాలూకాల స్థానమున మండలములు 1985లో వచ్చినవి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడగా జంపని యున్న వేమూరు మండలము అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. గుంటూరు జిల్లా వరి విస్తీర్ణమును 2022కు ముందువి, తరువాతవి ఒక్క గీతగా గీచినచో గీత నిలువున క్రుంగును. రైతులు వరి మానివేసిరి కాబోలునని దూరమునున్న అధికారి తలంచును. వరి ఎక్కడికిని పోలేదు. జిల్లా గట్టు జరిగినది. ఇట్టి సందర్భములలో జిల్లా లెక్కలను కాక మండల లెక్కలను తీసికొని, ఏ యేటికైనను అవే మండలములను కూడి పోల్చవలెను.

ఒకే విత్తనమునకు రెండు పేర్లు

పటము అడుగున తేదీలే యుండవలెనని లేదు. వరి రకములును ఉండవచ్చును. సంఘము అమ్మిన విత్తనముల పట్టిక యొకటి, రైతులు చెప్పిన దిగుబడుల పట్టిక యొకటి కలుపుదుమనుకొందము. బాపట్ల పరిశోధన స్థానము 1986లో విడుదల చేసిన వరిని సంఘపు పుస్తకములో ‘బి.పి.టి. 5204’ అని వ్రాయుదురు. రైతు ‘సాంబ మసూరి’ యనును. మార్టేరు వారి ‘ఎం.టి.యు. 7029’ను రైతు ‘స్వర్ణ’ యనును, ‘ఎం.టి.యు. 1061’ను ‘ఇంద్ర’ యనును. పేర్లు సరిచేయక కలిపినచో మూడు రకములు ఆరగును. ఒకదానికి అమ్మకమున్నది, దిగుబడి లేదు. వేఱొకదానికి దిగుబడి యున్నది, అమ్మకము లేదు. సంఘము విత్తనము ఎక్కువ కొని నిలువ వేసికొనుటకో, చాలక రైతును తిప్పిపంపుటకో ఇది చాలును. అందుచేత మొదట పేర్ల జాబితా యొకటి చేసి, ఒక విత్తనమునకు ఒక పేరే నిలుపవలెను.

కొలతలు నిట్లే. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చుటకు ముందటి పుస్తకములలో వాన అంగుళములలో నుండును, అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. మన రైతు ఎకరమునకు 30 బస్తాలు పండినవనును. 75 కిలోల బస్తా యైనచో అది 2,250 కిలోలు. ప్రభుత్వ పట్టిక హెక్టారునకు సుమారు 5,560 కిలోలని వ్రాయును. హెక్టారునకు 2.471 ఎకరములు గనుక రెండును ఒకటియే. మార్చి కలుపనిచో ఒకరు అబద్ధమాడిరని తగవులాడుకొందురు.

ఇతర దేశములలో

ఈ కష్టము మనకు మాత్రమే కలిగినది కాదు. అంకెలను గీతలుగా చూపు పద్ధతిని లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడు స్కాట్లాండు దేశస్థుడైన విలియం ప్లేఫేర్. ఆయన 1786లో వర్తక లెక్కలను రేఖాపటములుగా ప్రకటించెను. 1821లో గోధుమ ధరను, పనివాని కూలిని ఒక్క సంవత్సరముల వరుసపై చేర్చి సుమారు 250 యేండ్ల పటమొకటి వ్రాసెను. ధరను కడ్డీలుగాను, కూలిని గీతగాను చూపెను. రెండు వేఱు లెక్కలను ఒక్క కాల వరుసపైకి తెచ్చినందుననే, పనివాడు తన కూలితో ఎంత గోధుమ కొనగలడను ప్రశ్నను అందఱును అడుగగలిగిరి.

ఇంగ్లాండులోని రోథంస్టెడ్ క్షేత్రమున 1843 మొదలు ఒకే పొలములో గోధుమ ప్రయోగము జరుగుచున్నది. 1924లో రోనాల్డ్ ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి వాన లెక్కలకును దిగుబడి లెక్కలకును గల సంబంధమును వెదకెను. ఆయన పంట సంవత్సరమును ఆరేసి దినముల 61 భాగములుగా విభజించి వానను వాటిలో కూడెను. మన కార్తె పదమూడు దినములది, ఆయన కార్తె ఆరు దినములది యని చెప్పుకొనవచ్చును! యుక్తి మాత్ర మొకటియే.

గీతలు కలిసినంతమాత్రమున

పటము సరిగా గీచిన పిమ్మటను ఒక జాగ్రత్త వలయును. మన తూములోని నీరు మన యూరి వానవలన వచ్చునది కాదు. 1855లో ఆనకట్ట ముగిసిన నాటినుండియు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, పశ్చిమ డెల్టాకు నీరు విజయవాడ యొద్దనుండియే రావలెను. దుగ్గిరాల యొద్ద చీలి మన కాలువలలోనికి దిగవలెను. ఎగువ జలాశయములలో నీరు లేనియెడల జంపనిలో ఎంత వాన పడినను తూము నిండదు. వాన గీత లేచిన వెనుక నీటి గీత లేచినదని వానయే నీటిని తెచ్చినదనుట, కోడి కూసినందున తెల్లవారినదనుట వంటిది. నా మొదటి పటములో తేదీల తప్పుతోపాటు ఈ తప్పును కలదు. తేదీల తప్పు మొదటిది. దానిని నమ్మి కారణము చెప్పుట రెండవది.

ఇంకొక మాట. వాన మిల్లీమీటర్లలోను, నీరు అంగుళములలోను ఉన్నప్పుడు రెండిటిని ఒకే నిలువు కొలతపై గీయుట తగదు. 36 అంగుళములను మిల్లీమీటర్లలోనికి మార్చినను 914 అగును. దాని ప్రక్కన 44 మిల్లీమీటర్ల వాన కంటికానదు. ఎడమ నొక కొలత, కుడి నొక కొలత పెట్టినచో, కొలతను సాగదీసియు కుదించియు గీతలను ఇష్టము వచ్చినట్లు కలుపవచ్చును, విడదీయవచ్చును. అందుచేత వాన పటము పైన, నీటి పటము క్రింద, రెండిటికిని ఒకే తేదీల వరుస అడుగున నుండునట్లు గీయుట ఉత్తమము. నిలువుగా ఒక బద్ద పెట్టి చూచినచో ఏ తేదీకి ఏమి జరిగినదో తెలిసిపోవును.

సంఘములు చేయవలసిన పనులు

ప్రతి సంఘములోను ఈ క్రింది పద్ధతులు పాటించిన మేలు.

1. ఏ పుస్తకములోనైనను దినము, నెల, సంవత్సరము మూడును వ్రాయవలెను. అంకె ప్రక్కన కొలత పేరు వ్రాయవలెను.

2. చూచి లేదని తెలిసికొన్నచో ‘0’ వ్రాయవలెను. చూడనిచో చిన్న అడ్డుగీత పెట్టవలెను. ఈ రెండిటిని కలుపరాదు.

3. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన అంటించి పటము గీయరాదు. ఉమ్మడి తేదీలతో మూడవ పట్టిక చేసి, దానినుండియే గీయవలెను. మూల పుస్తకములను దిద్దరాదు.

4. ఒకే తేదీకి రెండు అంకెలున్నచో ఏది తీసికొంటిమో, ఏల తీసికొంటిమో పటము అడుగున వ్రాయవలెను.

5. పటము గోడకెక్కకముందు మూడు తేదీలను ఏరి, మూల పుస్తకములతో సరిచూడవలెను. ఈ పనిని పటము గీచినవాడు కాక వేఱొకరు చేయవలెను. మా పటమునకు ఈ మూడు నిమిషముల పని జరిగియున్నచో జూన్ 23 నాటి తప్పు ఆనాడే దొరికెడిది.

2022లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము అంగీకరించినది. చేతి పుస్తకములు యంత్రములోనికి పోవు కాలమిది. యంత్రము గీచిన గీత మన చేతి గీతకంటె నున్నగా నుండును. నున్నగా నున్నది గనుక జనులు మఱింత నమ్ముదురు. కావున తేదీని తేదీతో జతకూర్చు జాగ్రత్త మఱింత అవసరము.

ఆ గ్రామపు సంఘములో నా పాత పటమును తీయించి, క్రొత్తది పెట్టించితిని. నష్టపడిన రైతులను పిలిచి, తప్పు నాదని అందఱి యెదుట చెప్పితిని. ఆ పెద్దమనిషి క్రొత్త పటమును చాలసేపు చూచి, బద్ద తీసికొని జూన్ 23 మీద నిలువుగా పెట్టి, “ఇప్పుడు సున్నాయే యున్నదండీ,” అనెను. పిమ్మట తూము పుస్తకమును కూడ తెప్పించి చూచిన తరువాతనే కూర్చుండెను. ఆయన చేసినది మంచి పని. సంఘ సభ్యులెల్లరు గోడమీది పటమును అట్లే చూడవలెనని నా ప్రార్థన. ఎవరు గీచినదైనను, ఎంత చక్కగా నున్నదైనను, పుస్తకము తెప్పించి మూడు తేదీలు సరిచూచి, ఆ పిమ్మటనే విత్తనపు మూట విప్పుడు.